రిఫర్, డిశ్చార్జి, ఆబ్జర్వేషన్: సరిహద్దు దవాఖానల్లో వినిపించే ఇంగ్లీషు క్రియలు, వాటి అసలు అర్థాలు

సిరొంచ తాలూకాలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు. సర్కారు దవాఖానలో బోర్డులు, పత్రాలు మరాఠీలో ఉంటాయి. డాక్టరు చీటీ మీద రాసేది ఇంగ్లీషు. అడవి పల్లెల నుంచి వచ్చే మాడియా గోండులకు ఈ మూడూ ఇంటి భాషలు కావు. ఇన్ని భాషల మధ్య డాక్టరుకు, నర్సుకు, రోగి వెంట వచ్చినవాళ్లకు ఉమ్మడిగా మిగిలేవి కొన్ని ఇంగ్లీషు క్రియలు: అడ్మిట్, రిఫర్, షిఫ్ట్, ఆపరేట్, డిశ్చార్జి. ఇవి అందరికీ తెలిసినట్టే ఉంటాయి. కానీ డాక్టరు ఒక అర్థంతో అంటే ఇంటివాళ్లు ఇంకో అర్థంతో వినడం మన దగ్గర మామూలు. దానివల్ల బండి ఆలస్యమవుతుంది, మందు మధ్యలో ఆగిపోతుంది, చదవని కాగితం మీద సంతకం పడుతుంది. అందుకే ఈ క్రియల అర్థాన్ని, అవి వినగానే ఇంటివాళ్లు చేయాల్సిన పనిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

ఇంగ్లీషు క్రియ తెలుగులో ఎలా కుదురుకుంటుంది

తెలుగులో ఇంగ్లీషు క్రియ ఒంటరిగా నిలబడదు. పక్కన 'చేయు' గానీ 'అవు' గానీ రావాలి. 'అడ్మిట్ చేశారు', 'అడ్మిట్ అయ్యాడు' అంటాం. మరాఠీలోనూ ఇదే పద్ధతి. అక్కడ 'చేయు' బదులు 'కరణే', 'అవు' బదులు 'హోణే' వస్తాయి. 'త్యాలా అడ్మిట్ కేలం' అంటే అతన్ని అడ్మిట్ చేశారని, 'తో అడ్మిట్ ఝాలా' అంటే అతను అడ్మిట్ అయ్యాడని అర్థం. అందుకే ఈ మాటలు రెండు భాషల మధ్య అంత సులువుగా తిరుగుతాయి.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. 'అవు' చేరితే పని ఎవరు చేశారో మరుగున పడుతుంది. 'డిశ్చార్జి అయ్యాడు' అంటే డాక్టరే ఇంటికి పంపారా, ఇంటివాళ్లే తీసుకొచ్చేశారా అన్నది ఆ మాటలో లేదు. కాగితం మీద మాత్రం ఈ రెండూ వేర్వేరు.

ఇంకో తేడా 'చేసుకోండి', 'చేయించుకోండి' మధ్య ఉంది. 'షుగర్ చెక్ చేసుకోండి' అంటే ఇంట్లో మిషన్‌తో మీరే చూసుకోవాలి. 'చెక్ చేయించుకోండి' అంటే ల్యాబుకు పోవాలి. తెలుగు కొత్తగా నేర్చుకున్న మరాఠీ డాక్టరు నోట ఈ రెండూ కలిసిపోవచ్చు. 'ఇంట్లోనా, ల్యాబులోనా' అని అడిగితే తేలిపోతుంది.

మనవే అనిపించే మరాఠీ మాటలు

ఇంగ్లీషు వద్దనుకుని మరాఠీ పత్రంలో తెలిసిన మాట వెతికితే అక్కడా మోసపోవచ్చు. మరాఠీలో 'నిదాన్' అంటే రోగం ఏమిటో తేల్చడం. మనకు నిదానం అంటే నెమ్మది. 'నిదాన్ ఝాలం' అంటే జబ్బు తేలింది అని, నెమ్మదించింది అని కాదు. 'ఉపచార్' అంటే వైద్యం, పక్కన ఉండి చేసే సేవ కాదు. 'సందర్భ సేవా' అని ఉంటే పెద్ద దవాఖానకు పంపే ఏర్పాటు, అంటే రిఫరల్. 'సుట్టీ ఝాలీ' అంటే రోగిని ఇంటికి పంపారని. సెలవు అన్న మాటనే డిశ్చార్జికీ వాడతారు. 'సంమతి పత్ర' మాత్రం మన సమ్మతి పత్రమే. దాని గురించి కింద చెబుతాం.

ఇక ఒక్కొక్క క్రియ

అడ్మిట్ చేయడం: రోగి పేరు దవాఖాన రికార్డులోకి ఎక్కడం. మంచం ఇచ్చి సెలైన్ పెట్టినంత మాత్రాన అడ్మిట్ చేసినట్టు కాదు. కొన్ని గంటలు ఉంచి పంపేయవచ్చు కూడా. ప్రభుత్వ పథకం కింద వైద్యం కావాలంటే అడ్మిట్ అయ్యేటప్పుడే కార్డు చూపించాలి. ఆధార్‌లో, కార్డులో, కేసు పేపరులో పేరు ఒకేలా ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి. తెలుగు ఇంటిపేరు మరాఠీ లిపిలో ఒక రకంగా, ఇంగ్లీషులో ఇంకో రకంగా పడితే తర్వాత తిరగాల్సి వస్తుంది.

ఆబ్జర్వేషన్‌లో పెట్టడం: 'ఊరికే పడుకోబెట్టారు, ఏమీ చేయడం లేదు' అని ఇంటివాళ్లు విసుక్కునేది దీని దగ్గరే. జ్వరం, బీపీ, ఊపిరి, మూత్రం గంటగంటకూ ఎలా మారుతున్నాయో చూడడమే ఇక్కడ పని. పాము కాటులో, తల దెబ్బలో మొదట బాగున్న మనిషి తర్వాత విషమించవచ్చు. ఆ సమయంలో రోగిని లేపి తీసుకుపోవడం ప్రమాదం.

స్టెబిలైజ్ చేయడం: నయం చేయడం కాదు. ప్రాణాపాయాన్ని అప్పటికి ఆపి, రోగి ప్రయాణానికి తట్టుకునేలా చేయడం. రక్తస్రావం ఆపడం, ఆక్సిజన్ పెట్టడం, సెలైన్ ఎక్కించడం ఇందులోకి వస్తాయి. అత్యవసర స్థితిలో వచ్చిన మనిషికి ప్రాణం కాపాడే వైద్యం చేయడం ప్రతి డాక్టరు బాధ్యత అని, సర్కారీ అయినా ప్రైవేటు అయినా తేడా లేదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 'స్టేబుల్‌గా ఉన్నాడు' అని విని ఇంటికి బయలుదేరకూడదు. ఆ మాట తర్వాత ఎక్కువసార్లు వచ్చేది 'రిఫర్'.

రిఫర్ చేయడం: మన దగ్గర దీన్ని 'చేతులెత్తేశారు' అని వింటారు. అందుకే కొందరు అక్కడి నుంచి నేరుగా ఇంటికో, నాటు వైద్యుడి దగ్గరికో పోతారు. ఇక్కడ లేని స్పెషలిస్టు, స్కానింగు, రక్తం ఉన్నచోటికి కాగితంతో పంపడమే రిఫర్. సిరొంచలో ఉన్నది గ్రామీణ రుగ్ణాలయం. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడిపోయి ఏర్పడిన మన జిల్లాకు కేంద్రం గడ్చిరోలి. ఆలాపల్లి మీదుగా అక్కడికి 200 కిలోమీటర్లకు పైనే. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, మహదేవ్‌పూర్, ఆపైన భూపాలపల్లి, వరంగల్; చెన్నూరు వైపు పోతే మంచిర్యాల. కాబట్టి రిఫర్ అనగానే ఇంటివాళ్లు తేల్చుకోవాల్సింది ఏ వైపు పోవాలని. రోగి ఎంత దూరం తట్టుకోగలడని డాక్టరునే అడగాలి. రిఫర్ చీటీలో ఇప్పటిదాకా ఇచ్చిన మందులు, ఇంజెక్షన్ వేసిన సమయం రాయించుకోవాలి. అది లేకుండా పోతే అవతలి డాక్టరు మొదటి నుంచి మొదలుపెట్టాలి.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. తెలంగాణ ఆరోగ్యశ్రీ అక్కడి కుటుంబాలకే. ఆయుష్మాన్ భారత్ కార్డు మాత్రం ఆ పథకంలో చేరిన దవాఖాన వేరే రాష్ట్రంలో ఉన్నా పనిచేస్తుంది. మీరు పోయే దవాఖాన ఆ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోండి. గర్భిణులకు, పసిపిల్లలకు 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. సర్కారు దవాఖాన నుంచి ఇంకో సర్కారు దవాఖానకు రిఫర్ చేస్తే బండి ఉచితంగా ఇవ్వాలి.

షిఫ్ట్ చేయడం: ఒకే దవాఖానలో వార్డు మార్చినా ఇదే మాట, ఊరు మార్చినా ఇదే మాట. 'ఎక్కడికి షిఫ్ట్' అని వెంటనే అడగాలి. ఐసీయూ నుంచి వార్డుకు షిఫ్ట్ చేశారంటే మంచి కబురు. వార్డు నుంచి ఐసీయూకు అంటే జాగ్రత్త పడాల్సిన కబురు.

ఫాస్టింగ్‌లో ఉండడం: మన ఇళ్లలో దీన్ని ఒక్కపొద్దు లెక్కన తీసుకుంటారు. ఒక్కపొద్దులో పండ్లు, పాలు, చాయ్ నడుస్తాయి. దవాఖాన ఫాస్టింగ్‌లో నడవవు. షుగర్ పరీక్షకు కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు ఒక సమయం తర్వాత నీళ్లు కూడా ఆపమంటారు. దాన్నే 'నిల్ బై మౌత్' అని రాస్తారు. కడుపులో ఏమన్నా ఉంటే మత్తు ఇచ్చినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. జాలిపడి చాటుగా ఒక గుక్క చాయ్ తాగించినా ఆపరేషన్ వాయిదా పడవచ్చు.

ఆపరేట్ చేయడం, కన్సెంట్ ఇవ్వడం: ఆపరేషన్ చేసేది డాక్టరు, కన్సెంట్ ఇచ్చేది రోగి. 'ఇక్కడ సైన్ చేయండి' అన్నంతలో కన్సెంట్ అయిపోదు. ఏం చేస్తారు, ఎందుకు, ప్రమాదమేమిటి, వేరే దారి ఉందా అన్నవి తెలిశాక ఒప్పుకుంటేనే అది కన్సెంట్. పరీక్ష కోసం ఇచ్చిన ఒప్పుదల ఆపరేషన్‌కు చెల్లదని, ప్రాణాపాయం ఉన్న సందర్భం ఒక్కటే దీనికి మినహాయింపు అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. రోగి పెద్దవాడై స్పృహలో ఉంటే ఒప్పుకోవాల్సింది రోగే, భర్తో కొడుకో కాదు.

డిశ్చార్జి చేయడం: డాక్టరు చూసి, ఇక ఇంట్లో ఉండవచ్చని పంపడం. ఇంటివాళ్లు పట్టుబట్టి తీసుకుపోతే కాగితం మీద 'డామా' లేదా 'లామా' అని రాస్తారు. రెంటికీ అర్థం ఒకటే: డాక్టరు వద్దన్నా వెళ్లిపోయారు. చెప్పకుండా పోతే 'అబ్‌స్కాండెడ్' అంటారు. డిశ్చార్జి కార్డులో చదవాల్సింది మూడు: ఏం జబ్బు, ఏ మందు ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు రావాలి. మూడోదాన్నే రివ్యూ, ఫాలోఅప్ అంటారు. ఆ తేదీన నొప్పి లేకపోయినా పోవాలి.

కంటిన్యూ, రిపీట్, స్టాప్, కంప్లీట్: 'కంటిన్యూ' అంటే ఆపకుండా వాడాలి. 'సీఎస్‌టీ' అని మూడక్షరాలు రాస్తే పాత మందులే కొనసాగించాలని. 'రిపీట్' పక్కన పరీక్ష పేరు ఉంటే పరీక్ష మళ్లీ, మందు పేరు ఉంటే మందు మళ్లీ. 'స్టాప్' అని డాక్టరు చెప్పేదాకా బీపీ, మూర్ఛ, స్టెరాయిడ్ మందులు మన అంతట మనం ఆపకూడదు. 'కంప్లీట్' మన జిల్లాకు అన్నిటికన్నా ముఖ్యం. వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం మొదటి మందుతోనే తగ్గుతుంది. కాలేయంలో దాక్కున్న క్రిమిని చంపేది రెండోది. జ్వరం పోయిందని దాన్ని ఆపితే మలేరియా కొన్ని వారాలకో నెలలకో తిరిగి రావచ్చు. గర్భిణులకు ప్రైమాక్విన్ ఇవ్వరు, కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. టీబీ మందులూ అంతే. దగ్గు తగ్గడం వేరు, కోర్సు కంప్లీట్ కావడం వేరు.

అడగడం మన హక్కు

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో సిద్ధం చేసిన రోగుల హక్కుల పత్రం ప్రకారం జబ్బు గురించి, వైద్యం గురించి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. కేసు కాగితాల నకలు అడిగితే అడ్మిట్ అయి ఉన్నప్పుడు 24 గంటల్లో, డిశ్చార్జి తర్వాత 72 గంటల్లో ఇవ్వాలి.

ఏ క్రియ వినిపించినా నాలుగు ప్రశ్నలు అడగండి: ఎవరు చేయాలి? ఎక్కడ? ఎప్పటిలోగా? చేయకపోతే ఏమవుతుంది? తెలుగు తెలిసిన నర్సునో ఆశా కార్యకర్తనో పక్కన నిలబెట్టుకుని అడగండి. జవాబును చీటీ వెనక తెలుగులో రాసుకోండి. రాసుకున్నది మళ్లీ చదివి వినిపించి 'ఇంతేనా డాక్టరు గారూ' అని అడిగాకే లేవండి.