ఉద్దానం జబ్బు: కణం లోపలి కథ

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ మధ్య పరుచుకున్న ఇసుక నేలల సీమ ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు ఇందులోకి వస్తాయి. కొబ్బరి, జీడి, పనస తోటలే ఇక్కడి బతుకుతెరువు. 1990లలో ఈ తోటల ఊళ్ళ నుంచి కిడ్నీ రోగులు పలాస, టెక్కలి, సోంపేట ఆసుపత్రులకూ, అక్కడి నుంచి విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికీ వరస కట్టడం మొదలైంది. కాళ్ళ వాపు, నీరసం, ఆకలి లేకపోవడం అని వచ్చినవారికి రక్తపరీక్ష చేస్తే, కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ అప్పటికే హద్దు దాటి ఉండేది. వారిలో చాలామందికి మధుమేహం లేదు. ముందు నుంచీ బీపీ ఉన్నవారూ తక్కువే. కిడ్నీ చెడడానికి వైద్యపుస్తకాలు మొదట చెప్పే రెండు కారణాలూ ఇక్కడ వర్తించలేదు.

విశాఖలో పనిచేసిన నెఫ్రాలజిస్టు టి. రవిరాజు, ఆయన సహచరులు ఈ ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. 2019లో వెలువడిన వారి సర్వేలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నట్టు తేలింది. వారిలో అత్యధికులకు తెలిసిన కారణమేదీ దొరకలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల కూలీల్లోనూ ఇటువంటి జబ్బే 1990ల నుంచి కనిపిస్తోంది. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసేవారి ఒంట్లో నీరు ఇంకిపోవడం, ఒళ్ళునొప్పుల బిళ్ళలు, వంశపారంపర్యం అంటూ అనుమానితుల జాబితా పెరిగింది. ఉద్దానం విషయంలో నేరం ఏ ఒక్కదాని మీదా రుజువు కాలేదు.

బయటి కారణం తేలకపోయినా, లోపల జరిగే నష్టం ఎలాంటిదో బయాప్సీలు చెప్పాయి. జబ్బు మొదలయ్యేది రక్తాన్ని వడగట్టే జల్లెడ భాగంలో కాదు, వడగట్టిన నీటి నుంచి పనికొచ్చేవాటిని తిరిగి పీల్చుకునే సన్నని నాళికల్లో. ఆ నాళికలు కుంచించుకుపోయి, వాటి మధ్య ఖాళీల్లో పీచులాంటి మచ్చకణజాలం పేరుకుంటుంది. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకపోవడానికీ, జబ్బు చాపకింద నీరులా ముదరడానికీ కారణం ఇదే. ఆ మచ్చను నేరుగా కట్టించేది ఏ విషమూ కాదు. శరీరం తన గాయాలు మాన్పుకోవడానికి వాడే వృద్ధి కారకాలే, అంటే గ్రోత్ ఫ్యాక్టర్లే. అందుకే ఉద్దానం చరిత్రలో సగం ప్రయోగశాలల చరిత్ర.

ఆ చరిత్రలో ఒక తెలుగువాడి పాత్ర ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు. 1929లో వాళ్ళిద్దరూ, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్, ఏటీపీని కనుగొన్నారు. అది కణానికి శక్తినిచ్చే అణువని తర్వాత అందరికీ తెలిసింది. అది సంకేతాలకూ ముడిసరుకేనన్న సంగతి ఆలస్యంగా బయటపడింది. 1950లలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ ఏటీపీలోని ఒక ఫాస్ఫేట్‌ను ప్రోటీన్‌కు తగిలిస్తే దాని పనితీరు మారుతుందనీ, తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుందనీ చూపారు. తగిలించే ఎంజైములు కైనేజులు, తీసేసేవి ఫాస్ఫటేజులు. వృద్ధి కారకాల సంకేతాలన్నీ ఈ తగిలింపు, తీసివేతల మీదే నడుస్తాయి.

1962లో స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథి నుంచి ఒక ప్రోటీన్‌ను వేరుచేశారు. దాన్ని ఎక్కిస్తే ఎలుకపిల్లలు గడువుకు ముందే కళ్ళు తెరిచేవి. అదే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, ఈజీఎఫ్. ఇది కణం లోపలికి వెళ్ళి పనిచేయదు. కణం పొరలో ఉన్న గ్రాహకానికి అతుక్కుంటే, రెండు గ్రాహకాలు జతకట్టి, లోపలి వైపున్న తోకలకు ఒకదానికొకటి ఫాస్ఫేట్లు తగిలించుకుంటాయి. అక్కడి నుంచి వార్త కైనేజు తర్వాత కైనేజుగా కేంద్రకం దాకా చేరుతుంది. సంకేతం మొదలైన నిమిషాల్లోనే దాన్ని ఆపే పనీ మొదలవుతుంది. ఫాస్ఫటేజులు ఫాస్ఫేట్లను ఊడదీస్తాయి. సీబీఎల్ అనే ప్రోటీన్ గ్రాహకానికి యుబిక్విటిన్ ముద్ర వేస్తుంది. ముద్ర పడిన గ్రాహకాన్ని కణం లోపలికి లాక్కుని లైసోసోమ్ అనే అరుగుదల సంచిలో అరిగించేస్తుంది.

ఉద్దానం జబ్బుకు మరింత దగ్గరిది టీజీఎఫ్-బీటా అనే వృద్ధి కారకం. 1983లో అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో మైకేల్ స్పోర్న్, అనిటా రాబర్ట్స్ బృందం దీన్ని శుద్ధిచేసింది. దీని మీద కాపలా కణం బయటే మొదలవుతుంది. పుట్టేటప్పుడే మరో ప్రోటీన్ దీన్ని చుట్టి బంధిస్తుంది. కణం పొరలోని ఇంటెగ్రిన్ ప్రోటీన్లు లాగితేనో, ఎంజైములు కోస్తేనో తప్ప అది విడుదల కాదు. విడుదలై కణం పొరలోని గ్రాహకాలకు అతుక్కున్నాక, రెండో రకం గ్రాహకం మొదటి రకం గ్రాహకానికీ, అది స్మాడ్2, స్మాడ్3 ప్రోటీన్లకూ ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అవి స్మాడ్4ను తోడు తీసుకుని కేంద్రకంలోకి వెళ్ళి కొల్లాజెన్ వంటి పీచు ప్రోటీన్ల జన్యువులను లేపుతాయి. వాటితోపాటే స్మాడ్7 జన్యువునూ లేపుతాయి. ఈ స్మాడ్7 చేసే పని గ్రాహకానికి అడ్డుపడి, దాన్ని నాశనానికి అప్పగించడం. సంకేతం తన ముగింపును తానే రాసుకుంటుందన్నమాట. మూత్రనాళం మూసిన ఎలుకల్లో చూస్తే, కిడ్నీలో మచ్చ ముదిరేకొద్దీ ఆ స్మాడ్7 ప్రోటీనే ముక్కలై తగ్గిపోతోంది. అదుపు పోయాక, గండి పూడ్చడానికి తెచ్చిన మట్టి కాలువనే పూడ్చేసినట్టు అవుతుంది.

నాళికలోని ఒక కణాన్నే దగ్గరగా చూస్తే ఇది ఇంకా స్పష్టం. దెబ్బ చిన్నదైతే, బతికి ఉన్న పక్క కణాలు విభజన చెంది ఖాళీని నింపుతాయి, నాళిక మామూలవుతుంది. దెబ్బ పెద్దదైనా, పదేపదే తగిలినా కొన్ని కణాలు విభజన మధ్యలోనే, డీఎన్ఏ రెట్టింపయ్యాక చీలే ముందు దశలో, ఆగిపోతాయి. అలా చిక్కుపడ్డ కణంలో జేఎన్‌కే అనే కైనేజు చురుకుగానే ఉండి టీజీఎఫ్-బీటానూ, మచ్చను పెంచే మరో కారకాన్నీ బయటికి పంపుతూ ఉంటుంది. దీన్ని 2010లో ఎలుకల్లో చూపింది హార్వర్డ్‌కు చెందిన జోసెఫ్ బాన్‌వెంట్రే బృందం. వాళ్ళు వాడిన హానికారకాల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే మొక్కల విషం ఒకటి. బాల్కన్ దేశాల పల్లెల్లో దశాబ్దాలు అంతుచిక్కని కిడ్నీ జబ్బుకు కారణం అదేనని తేలింది. అదే బాన్‌వెంట్రే 2017 జులైలో ఉద్దానం సమస్య మీద ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. పత్రికలు ఆ రాక గురించి బాగానే రాశాయి, ఆయన ప్రయోగశాల పనిని అంతగా పట్టించుకోలేదు.

నాళికల మధ్య ఖాళీల్లో ఉండే కణాలకు మరో పని కూడా ఉంది. ఎర్రరక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్‌ను తయారుచేసేది అవే. టీజీఎఫ్-బీటా ఒత్తిడిలో అవి పీచు అల్లే కణాలుగా మారిపోయి ఆ పని మానేస్తాయి. కిడ్నీ రోగి పాలిపోవడానికీ, నాలుగడుగులకే ఆయాసపడడానికీ ఇదో ముఖ్య కారణం. 1977లో ఈ కారకాన్ని శుద్ధిచేయడానికి జపాన్‌లో రక్తహీనత రోగుల నుంచి 2,550 లీటర్ల మూత్రం సేకరించాల్సి వచ్చింది. 1985లో జన్యువు చేజిక్కింది, 1989లో అమెరికాలో మందుగా అనుమతి దొరికింది. డయాలసిస్ రోగికి వేసే ఇంజెక్షన్ అదే. అది మూలుగలోని కణాల్లో జాక్2 కైనేజును లేపుతుంది. అక్కడ కూడా సంకేతాన్ని ఆపే ప్రోటీన్లు వెంటనే పుట్టుకొస్తాయి, గ్రాహకం లోపలికి వెళ్ళిపోతుంది. ఒక్క మోతాదుతో సరిపోదు, ఇంజెక్షన్ మళ్ళీ మళ్ళీ వేయాలి.

టీజీఎఫ్-బీటాను నేరుగా అడ్డుకుందామన్న ప్రయత్నం మనుషుల్లో అంతగా ఫలించలేదు. దాని మీద తయారుచేసిన ప్రతిరక్షకాన్ని మధుమేహ కిడ్నీ రోగుల్లో పరీక్షించి, 2017లో ప్రయోజనం కనిపించలేదని ప్రకటించారు. వాపును అణచడం, కణాల విచ్చలవిడి పెరుగుదలను ఆపడం కూడా ఆ కారకం పనులే కాబట్టి పూర్తిగా నోరు నొక్కడం క్షేమమూ కాదు. లోసార్టన్ వంటి పాత బీపీ మందులు రక్తపోటు పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్‌ను అడ్డుకుని, దాని ద్వారా టీజీఎఫ్-బీటాను కొంత తగ్గిస్తాయి.

ప్రభుత్వాలు నడిచిన దారి నీళ్ళు, డయాలసిస్, పింఛన్లది. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబరు 14న దానితోపాటు వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్ళకు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. అనుమానం నీటి మీద ఉన్నప్పుడు నీటిని మార్చడం సబబైన పనే. అయితే ఇప్పటికే మచ్చ మొదలైన కిడ్నీకి కొత్త నీరు ఒక్కటే మందు కాదు. జబ్బును ముందే పట్టుకోవాలి, ఎందుకంటే క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ పనిలో సగం దాకా పోయి ఉండొచ్చు. దెబ్బతిన్న నాళిక కణం అంతకు ముందే కిమ్-1 అనే ప్రోటీన్‌ను మూత్రంలోకి వదులుతుంది. దాన్ని 1998లో గుర్తించింది కూడా బాన్‌వెంట్రే బృందమే.