కామెంట్ బాక్స్‌కి తాళం ఎలా వచ్చింది?

మన పోస్ట్ కింద ఎవరు కామెంట్ పెట్టాలో ఇప్పుడు మనమే ఒక్క ట్యాప్‌తో తేల్చేస్తున్నాం. అందరూనా, ఫాలో అయ్యేవాళ్లేనా, అసలెవరూ వద్దా అని. ఈ తాళం చేతికి రావడానికి 20 ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథే ఇవాళ చెప్తాను.

మొదట్లో కామెంట్లు ఆపడం కాదు, తెరవడమే పెద్ద పని. 1998లో ఓపెన్ డైరీ అనే సైటు, చదివినవాళ్లు కూడా కింద ఓ మాట రాసే వీలిచ్చింది. 1999లో పుట్టిన బ్లాగర్‌కి సొంత కామెంట్ బాక్స్ వచ్చింది ఎప్పుడో తెలుసా? 2004లో! అంతవరకూ బయటి సర్వీసుల కోడ్ తెచ్చి అతికించుకునేవాళ్లు. తలుపు తెరిచారో లేదో, స్పామ్ వచ్చిపడింది. దాన్ని పట్టుకోడానికి 2005లో అకిస్మెట్ వచ్చింది.

మన తెలుగు బ్లాగులు అప్పట్లో చదివినవాళ్లకి 'అజ్ఞాత' గుర్తుండే ఉంటాడు. పేరు లేకుండా రాస్తే బ్లాగర్ చూపించే పేరు అది. మెచ్చుకున్నా అజ్ఞాతే, బూతులు తిట్టినా అజ్ఞాతే. విసిగిపోయినవాళ్లు మాడరేషన్ పెట్టుకునేవారు, అంటే తాము చూసి ఓకే అన్నాకే కామెంట్ కనపడుతుందన్నమాట. నన్నడిగితే, మన ఇంటి అరుగు మీద ఎవరు కూర్చోవాలో మనం చెప్పడం సెన్సార్ కాదు.

మరి ఆ అరుగు మీద ఎవడో ఇంకొకరి పరువు తీస్తే? తప్పు వాడిదా, ఇంటివాళ్లదా? ఇది ఆస్ట్రేలియాలో కోర్టుకెక్కింది.

2016లో అక్కడి ఏబీసీ టీవీ, నిర్బంధంలో ఉన్న బాలల వీడియోలు బయటపెట్టింది. డిలన్ వోలర్ అనే టీనేజ్ కుర్రాడిని తలకి ముసుగేసి కుర్చీకి కట్టేసిన దృశ్యాలవి. దేశం అదిరిపోయింది. పత్రికలు, టీవీలు అతని వార్తల్ని తమ ఫేస్‌బుక్ పేజీల్లో పెట్టాయి. వాటి కింద కొందరు అతనికి నేరాలు అంటగడుతూ రాశారు. వోలర్ దావా వేశాడు. కామెంట్ రాసినవాళ్ల మీద కాదు, ఆ మీడియా సంస్థల మీద!

"మేం రాయలేదు కదా" అన్నాయవి. పైగా అప్పట్లో ఫేస్‌బుక్ పేజీలో కామెంట్లు ఆపేసే బటనే లేదు. కానీ ఒక చిట్కా ఉందని విచారణలో తేలింది. ఇంగ్లీషులో దాదాపు ప్రతి వాక్యంలోనూ వచ్చే చిన్న చిన్న మాటల్ని ఫిల్టర్‌లో పెడితే చాలు, కామెంట్లన్నీ దాగిపోతాయి! తర్వాత చూసుకుని మంచివి వదలొచ్చు.

2021 మార్చిలో పేజీలకి కామెంట్ కంట్రోల్ ఇచ్చింది ఫేస్‌బుక్. అదే ఏడాది సెప్టెంబర్ 8న హైకోర్టు (అక్కడ దేశానికంతటికీ పెద్ద కోర్టు అదే) 5-2తో చెప్పింది: పేజీ తెరిచి, కామెంట్లు పెట్టమని జనాన్ని పిలిచారు కాబట్టి, ఆ కామెంట్లకి మీరూ ప్రచురణకర్తలే. ఆ నెలలోనే సీఎన్ఎన్ తన ఫేస్‌బుక్ పేజీ ఆస్ట్రేలియాలో కనపడకుండా చేసేసింది.

మన దగ్గర ఇలాంటి ప్రశ్నే వాట్సాప్ గ్రూపుల మీద వచ్చింది. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్‌ని బాధ్యుణ్ణి చేయలేమని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పింది. 'అడ్మిన్లే మెసేజ్ పెట్టాలి' అనే సెట్టింగ్ అప్పటికే, 2018 నుంచీ ఉంది.