చూపు ముందు, మనసు తరువాత



మా నారాయణఖేడ్ బజారులో తెలుగు, కన్నడం, మరాఠీ మూడూ వినిపిస్తాయి. చీరల దుకాణం సావుకారుకు మాత్రం ఏ భాషతోనూ పని లేదు. చీరలు పరిచి మన నోటివైపు కాదు, కంటివైపు చూస్తాడు. పోయిన దసరాకు నేను "ఈ నీలం చీర చాలు, ధర తక్కువ" అంటుంటే, "అమ్మా, నీ మనసు ఆ ఆకుపచ్చ దాని మీదుంది. తిరిగి తిరిగి దాన్నే చూస్తున్నవు" అన్నాడు. నిజమే! ఆకుపచ్చదే ఇంటికొచ్చింది. నా మనసు నాకంటే ముందు ఆయనకెట్లా తెలిసిందా అని తెలిసినవారిని అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేశాను. దీని వెనక నూట నలభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉందట. అదే ఈ రోజు మీతో చెప్పుకుంటాను.

మన చూపు నీళ్ళలాగా సాగిపోతుందనుకుంటాం కదా! 1879 ప్రాంతంలో పారిస్‌లో ఎమీల్ జావల్ అనే కంటి వైద్యుడి ప్రయోగశాలలో, చదివేవారి కన్ను పిచ్చుకలాగా గెంతుతుందనీ, గెంతుకూ గెంతుకూ నడుమ ఆగుతుందనీ గమనించారు. సెకనుకు మూడు నాలుగు గెంతులు. ఆగినప్పుడే స్పష్టంగా చూడటం. చూపు మీద ఇంత పరిశోధన చేసిన ఆ జావల్‌కే నీటికాసులు వచ్చి చూపు పోయింది. అయినా కుంగిపోక అంధుల కోసం పుస్తకం రాశాడాయన.

మరి కన్ను ఎక్కడ ఆగాలో నిర్ణయించేదెవరు? దీనికి జవాబు మాస్కోలో ఆల్ఫ్రెడ్ యార్బస్ చెప్పాడు. కంటిగుడ్డుకు చిన్న మూతలాంటిది అంటించి, దానిమీద బుల్లి అద్దం పెట్టి, చూపు నడిచిన దారిని కాగితం మీద పట్టాడు. ఇల్యా రేపిన్ గీసిన ఒక చిత్రాన్ని చూపించాడు. ప్రవాసశిక్ష నుంచి అనుకోకుండా ఇల్లు చేరిన మనిషి, లేచి నిలబడ్డ ముసలితల్లి, తెల్లబోయిన పిల్లలు ఉంటారందులో. "వీళ్ళ వయసెంత?" అని అడిగితే కళ్ళు ముఖాల మీద తిరిగాయి. "ఏ బట్టలు కట్టుకున్నారు?" అంటే బట్టల మీదికి దిగాయి. బొమ్మ ఒక్కటే, ప్రశ్న మారితే చూపు మారింది! 1965లో అచ్చయిన ఆయన పుస్తకం 1967లో ఇంగ్లీషులోకి వచ్చింది.

అసలు విచిత్రం 2003లో బయటపడింది. అమెరికాలో షిన్సుకే షిమోజో, ఆయన తోటివారు రెండేసి ముఖాల ఫోటోలు చూపి, ఏది అందంగా ఉందో చెప్పమన్నారు. జవాబు చెప్పడానికి సెకను ముందు నుంచే కన్ను ఎంచుకోబోయే ముఖం వైపు మొగ్గసాగింది. అంతేకాదు, ఒక ముఖాన్ని ఎక్కువసేపు చూసేటట్టు చేస్తే, దాన్నే ఎంచుకోవడం కొంత పెరిగింది. అంటే నచ్చినదాన్ని చూడటమే కాదు, చూడగా చూడగా నచ్చడం కూడా ఉందన్నమాట. మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చినవారి చూపుల మీద పరిశోధనలు జరిగాయి.

అయితే ఒక జాగ్రత్త. కళ్ళు పక్కకు తిప్పితే అబద్ధమేనని కోడళ్ళనూ పనివాళ్ళనూ అనుమానించకండి. కన్ను ఏ వైపు తిరిగిందన్నదాన్ని బట్టి అబద్ధం తేలదని 2012లో పరీక్షించి మరీ చెప్పారు.

ఇదంతా తెలిశాక నా పెళ్ళిచూపులు గుర్తుకొచ్చాయి. "తల ఎత్తకు బిడ్డా" అంది అమ్మ. చాప అంచు, ఆయన కాలి గోళ్ళు తప్ప నేనేం చూడలేదు. లోపలికి వచ్చాక "పిల్లగాడు నచ్చిండా?" అని అడిగారు. ఏమని చెప్పను? తలూపాను. మంచివారే దొరికారనుకోండి. కాని అదృష్టం వేరు, ఎంపిక వేరు.

ఇప్పుడు మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మొన్న చూపులకు ముందు దాని చెవిలో "తల ఎత్తి, నిదానంగా చూడు బిడ్డా" అన్నాను. అది చూసింది. చూసి, వద్దంది. "ఆడపిల్లకు గంత చూపేంది?" అని మా అత్తమ్మ చిన్నబుచ్చుకున్నారు. "అత్తమ్మా, చీర కొనడానికి గంటసేపు చూస్తాం కదా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి "ఆ పిల్లగాని ఫోటో ఇటు తే, నేను సుత చూడలే" అన్నారు.

అక్కలారా, చెల్లెళ్ళారా! ఎంచుకోమనేవారు ముందు చూడనివ్వాలి కదా. మీ ఇంట ఆ మాట అనవలసినవారు మీరే.