ఆస్తి లెక్క, ఆదాయం లెక్క: ‘ఐ.పి.’ చట్టంలో మరుగున పడిన ఒక నిబంధన

తెలుగు వ్యవహారంలో ‘ఐ.పి. పెట్టాడు’ అన్న మాటకు నిందార్థమే స్థిరపడింది. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే న్యాయస్థానపు పదం రెండక్షరాలకు కుదించుకొని అప్పు ఎగవేతకు పర్యాయపదమైంది. ‘దివాలా’ అన్న పాత మాటలో కాస్తయినా జాలి మిగిలి ఉంది, ‘ఐ.పి.’లో అదీ లేదు. ఈ నిందకు కారణం ఋణగ్రస్తుల నడవడి మాత్రమేనా, లేక చట్టం నిర్మాణంలోనే దానికి మూలం ఉందా? వలసపాలన నాటి దివాలా చట్టం ఋణగ్రస్తుని ‘నీకేమున్నది’ అని అడిగినంత గట్టిగా ‘నీవేమి సంపాదిస్తున్నావు’ అని అడగలేదని, అడిగే వీలున్నా దాన్ని చట్టపు అంచున ఉంచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అప్పు తీర్చలేనివాణ్ణి సివిల్ జైలుకు పంపే అధికారాన్ని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ కోర్టులకిచ్చింది. అరెస్టయి ఎదుట నిలిచిన ప్రతివాదికి దివాలా దరఖాస్తు పెట్టుకోవచ్చని కోర్టే తెలియజెప్పాలని ఆ కోడ్ 55వ సెక్షన్ ఆదేశిస్తుంది. అంటే ఐ.పి. మొదట జైలు తప్పించుకునే ద్వారం. అప్పు తీర్చే పద్ధతి ఆ తరువాతి మాట. 1907 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఈ ధోరణిని మరింత పెంచింది. దివాలాదారుగా ప్రకటితుడైనవాడు ఋణవిముక్తి కోసం ఎప్పటిలోగా దరఖాస్తు చేసుకోవాలో అది గడువు విధించలేదు. రక్షణ దొరికాక విముక్తితో పనేమున్నది? చాలామంది అక్కడే ఆగిపోయారు. 1920 చట్టం ఈ లోపాన్ని గుర్తించి, 27వ సెక్షన్ ద్వారా గడువు నిర్ణయించమంది. గడువు దాటితే ప్రకటనను రద్దు చేయమని 43వ సెక్షన్‌లో చెప్పింది. రద్దయితే పాత అప్పులన్నీ మళ్ళీ లేచి కూర్చుంటాయి. ఫలితంగా ఎందరికో ఐ.పి. వల్ల దక్కింది విముక్తి కాదు, వాయిదా. జనం దాన్ని ఎగవేతగా చూడడంలో ఆశ్చర్యం లేదు.

ఈ చట్టంలో ఆదాయం పూర్తిగా అదృశ్యం కాదు. ఋణగ్రస్తుడు భవిష్యత్తులో పొందబోయే సంపాదన విషయమై షరతులు విధిస్తూ విముక్తి ఇవ్వవచ్చునని 41వ సెక్షన్‌లోని ఒక ఉపనిబంధన అనుమతిస్తుంది. మద్రాసు వంటి ప్రెసిడెన్సీ నగరాలకు వర్తించిన 1909 చట్టం 60వ సెక్షన్ మరింత స్పష్టం: జప్తుకు అర్హమైన మేరకు జీతంలోనో ఇతర ఆదాయంలోనో కొంత భాగాన్ని ఋణదాతలకు పంచేందుకు అఫీషియల్ అసైనీకి చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. అయితే మొఫసిల్ చట్టంలో ఈ వీలు పక్కనే 42వ సెక్షన్ కాపలా కాస్తోంది. ఆస్తి విలువ హామీ లేని అప్పులలో రూపాయికి ఎనిమిదణాల చొప్పునైనా రాకపోతే, దానికి తాను బాధ్యుణ్ణి కానని రుజువు చేసుకుంటే తప్ప, పూర్తి విముక్తి నిరాకరించాల్సిందే. కొలబద్ద ఆస్తే.

ఇక్కడొక వైరుధ్యం ఉంది. జీతం నుంచి వసూలు చేసే పద్ధతి మనకు బాగా తెలిసినదే. కాని అది దివాలా చట్టంలో కంటే డిక్రీ అమలులోనే వాడుకలో ఉంది. నేటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం. లెక్కకు 31,000 రూపాయల జీతం అనుకుంటే 10,000 రూపాయలు జప్తుకు వస్తాయి. ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలపాటు జప్తు జరిగాక ఆ డిక్రీకి ఆ జీతం మినహాయింపు పొందుతుంది. అప్పు మాత్రం మిగిలే ఉంటుంది. జప్తు ఆదాయాన్ని తీసుకుంటుంది గాని విముక్తినివ్వదు. దివాలా విముక్తినిస్తుంది గాని ఆస్తినే లెక్కిస్తుంది. ఈ రెంటినీ కలిపే వంతెన 41వ సెక్షన్‌లోని ఆ చిన్న ఉపనిబంధన.

దాన్ని అంచునే ఉంచిన కారణాలు కేవలం న్యాయపరమైనవి కావు. కూలీల వేతనాలను కోడ్ జప్తు నుంచి మినహాయించింది. రైతు ఆదాయం ఋతువుకొక తీరు. నెలవారీ వాయిదాకు అది లొంగదు. ఇక మిగిలేది గుమాస్తా, ఉపాధ్యాయుడు, ప్రభుత్వోద్యోగి. కోస్తా జిల్లాల ఋణసమస్య వారిది కాదు.

అందుకే 1938 సంవత్సరం ఆసక్తికరం. రాజాజీ మంత్రివర్గం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం, 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే అప్పే తీరినట్టు ప్రకటించింది. అది చూసింది ఇప్పటిదాకా ఎంత చెల్లించారన్నది. అదే ఏడాది అమెరికాలో వచ్చిన చాండ్లర్ చట్టం 13వ అధ్యాయం ఇకపై ఎంత చెల్లించగలరని అడిగింది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో దివాలా రెఫరీ వాలెంటైన్ నెస్బిట్ వేతనజీవుల చేత వాయిదాలు కట్టించిన అనుభవం దానికి వెనుక ఉంది. మొదట ఏటా 3,600 డాలర్లకు మించని ఆదాయం గలవారికే అది పరిమితం. 1978లో ‘క్రమమైన ఆదాయం గల వ్యక్తి’కి విస్తరించింది, 2005 తరువాత రాష్ట్ర మధ్యస్థ ఆదాయాన్ని మించినవారికి ప్రణాళికా కాలం సాధారణంగా ఐదేళ్ళు. దీన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. అక్కడ ప్రణాళిక మధ్యలోనే కూలిపోయేవారు చాలామందే. గమనించవలసింది ప్రశ్న మారిన తీరును.

మన దేశంలో ఆ ప్రశ్న 2016 నాటి దివాలా స్మృతిలో చేరింది. వ్యక్తుల కోసం చెల్లింపు ప్రణాళికను అది రూపొందించింది. వార్షికాదాయం 60,000 రూపాయలకు మించనివారికి, అప్పు, ఆస్తుల పరిమితులకు లోబడి, ‘కొత్త ఆరంభం’ కల్పించింది. కాని వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలోనే. సాధారణ గృహస్థు పెట్టే ఐ.పి.ని సివిల్ కోర్టులు ఇప్పటికీ 1920 చట్టం కిందే విచారిస్తున్నాయి; 41వ సెక్షన్‌లోని ఆ ఉపనిబంధన ఇంకా అమల్లోనే ఉంది.