శాసనసభ రద్దయినా రాష్ట్రపతి ఎన్నిక ఆగదు

న్యూఢిల్లీ: ఒక రాష్ట్ర శాసనసభ రద్దయినా, సభ్యుల ఎన్నిక చెల్లకపోయినా రాష్ట్రపతి ఎన్నిక నిలిచిపోదు. ఎలక్టోరల్ కాలేజీలో ఖాళీలున్నాయన్న కారణంతో దాన్ని సవాలు చేయరాదని 1961 నాటి 11వ రాజ్యాంగ సవరణ స్పష్టం చేసింది.

1974లో వి.వి.గిరి పదవీకాలం ముగిసే నాటికి గుజరాత్ శాసనసభ రద్దయి ఉంది. 62వ అధికరణం ప్రకారం గడువులోగా ఎన్నిక పూర్తి కావాల్సిందేనని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. ఆ ఎన్నికలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గెలిచారు.

నష్టపోయేది ఓటరే. ఢిల్లీలోని మునిర్కా ఆర్.కె.పురం శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఢిల్లీ ఎమ్మెల్యేలకు ఈ ఎన్నికలో ఓటుహక్కు 70వ సవరణతో దక్కింది. 2022లో ఆ ఓటు విలువ 58. ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132. సీటు ఖాళీగా ఉంటే, ఆ మేరకు అక్కడి ప్రజల వాణి తగ్గుతుంది.

ఆ ఏడాది జమ్మూకశ్మీర్‌కు శాసనసభ లేనందున ఒక్కో ఎంపీ ఓటు విలువ 708 నుంచి 700కు తగ్గింది. లోక్‌సభ సభ్యులను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు కనుక ఆ స్థానాలపై ప్రభావం పడలేదు. రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. అందుకే అక్కడి నాలుగు రాజ్యసభ స్థానాలు 2021 ఫిబ్రవరి నుంచి 2025 అక్టోబరు వరకు ఖాళీగా ఉండిపోయాయి.