బండి రాని లైన్లు

రైలు పట్టాల్లో ఒక రకం మీటరుకు 52 కిలోలు తూగుతుంది. అలాంటి పట్టాలు వేసిన కిలోమీటరు సైడింగులో, అంటే మెయిన్ లైను నుంచి ఫ్యాక్టరీకో గనికో చీలే పక్క లైనులో, రెండు పట్టాలూ కలిపి 104 టన్నుల ఇనుము. ఫ్యాక్టరీ మూతపడితే తుక్కు వ్యాపారి కంటికి లైను ఆనేది ఈ లెక్కలోనే. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఇలాంటి మూతలు చాలానే చూశాయి. కొన్ని మళ్లీ తెరుచుకున్నాయి, కొన్ని ఇంకా ఎదురుచూస్తున్నాయి.

కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది. దేశానికది ఢిల్లీ, మద్రాసులను కలిపిన దగ్గరి దారి. ఇక్కడివాళ్లకు మాత్రం బొగ్గు లైను. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం ప్రాంతాల్లో బొగ్గు బాయి ఎక్కడ పడితే అక్కడికి మెయిన్ లైను నుంచి ఒక పాయ చీలింది. ఊళ్ల కోసం వేసిన లైను కాదని చెప్పడానికి కరీంనగరే సాక్ష్యం. జిల్లా కేంద్రమై ఉండి కూడా రైలు కోసం దశాబ్దాలు కాచుకుంది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993లో పెద్దపల్లి నుంచి లైనుకు శంకుస్థాపన జరిగితే, అది కరీంనగర్ మీదుగా నిజామాబాద్ చేరేసరికి 2017 వచ్చింది. బొగ్గు ఎక్కిన బండి కరీంనగర్ మనుషులు ఎక్కడానికి అన్నేళ్లు పట్టింది!

సైడింగు ఎలా చనిపోతుందో రైల్వే పని తెలిసినవాళ్లను అడిగితే ముందు పట్టాల ఊసెత్తరు, పాయింట్ల సంగతి చెబుతారు. మెయిన్ లైను నుంచి బండిని పక్కకు మళ్లించే చోటు అది. దానికి నిత్యం తనిఖీ కావాలి, సిగ్నలుతో ముడి కావాలి. బండ్లు రాని సైడింగు కోసం ఆ ఖర్చు ఎవరు పెడతారు? రైల్వే పాయింట్లు ఊడదీస్తుంది. ఆ రోజుతో సైడింగు అనాథ. గేటు లోపలి లైను కంపెనీది, కంపెనీయేమో లేదు. కంకరలో సర్కారు తుమ్మ మొలుస్తుంది. పట్టాలను కలిపే ఫిష్ ప్లేట్లు మాయమవుతాయి. గేటు బయట ఉన్న రైల్వే ఆస్తిని దొంగతనంగా దగ్గర పెట్టుకుంటే శిక్షించడానికి 1966లోనే చట్టం వచ్చింది గాని, రాత్రిపూట తుమ్మచెట్ల మధ్య చట్టం కాపలా కాయదు కదా.

రామగుండం ఎరువుల కర్మాగారం బతికి బయటపడింది. ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌సీఐ) ఆధ్వర్యంలో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఈ ఫ్యాక్టరీ బొగ్గు నుంచి యూరియా తీసేది. నష్టాలు పెరిగి 1999లో మూతపడింది. కాలనీ ఖాళీ అయింది. 2015లో ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో కొత్త సంస్థ ఏర్పడింది. 2016 ఆగస్టు 7న పునరుద్ధరణకు శంకుస్థాపన, 2021లో ఉత్పత్తి, 2022 నవంబరు 12న జాతికి అంకితం. ఇంత కథ నడిచేలోగా ఫ్యాక్టరీ స్వభావమే మారిపోయింది. పక్కనే సింగరేణి బొగ్గు గనులు ఉన్నా ఇప్పుడు ముడిసరుకు బొగ్గు కాదు, పైపులో వచ్చే గ్యాసు. అంటే లోపలికి రావలసిన బొగ్గు వ్యాగన్ల పని తీరిపోయింది, బయటికి పోవలసిన యూరియా పని మాత్రం మిగిలింది. 42 వ్యాగన్ల ర్యాకులో సుమారు 2,600 టన్నులు పోతాయి. 45 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 57 వేలకు పైనే. అంత సరుకు లారీలకెత్తితే రాజీవ్ రహదారి గతి ఏమవుతుందో ఊహించుకోండి.

సిర్పూర్ పేపర్ మిల్లుది ఇంకొంచెం చిన్న కథ. నిజాం కాలంలో 1938లో పుట్టి, 2014లో ఆగి, 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లి తిరిగి నడిచింది. నాలుగేళ్లే కాబట్టి కోలుకుంది.

ఆదిలాబాద్‌ది అన్నిటికంటే చేదు కథ. ముద్ఖేడ్ నుంచి అక్కడికి వచ్చేది మీటర్ గేజి లైను. పట్టాల మధ్య వెడల్పు 1,000 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజి 1,676. లైను మారిపోయాక ఆ చిన్న బోగీలు పెద్ద లైను మీద నడవవు. మీటర్ గేజి బోగీలు చాలావరకు చివరికి చేరేది తుక్కు వేలానికే. ఇక్కడి సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) ఫ్యాక్టరీ 1990ల్లోనే ఆగిపోయింది. బ్రాడ్ గేజి దాని తర్వాత వచ్చింది. చౌకగా సరుకు పంపే దారి దొరికేసరికి పంపడానికి సరుకు లేదు.

బోగీలకైనా కొంత గౌరవం దక్కుతోంది. 2020లో కరోనా వచ్చినప్పుడు దేశమంతటా 5 వేలకు పైగా పాత బోగీలను ఐసొలేషన్ వార్డులుగా మార్చారు. కాచిగూడ స్టేషను దగ్గర పాత బోగీల్లో రెస్టారెంటు తెరిచారు. తప్పేం లేదు, తినండి. కానీ సైడింగును హోటలు చేయలేం. దాని విలువంతా అది వెళ్లే దారిలోనే ఉంది.

అందుకే సీసీఐ విషయంలో కేంద్రానికీ, రాష్ట్రానికీ ఒక్క విన్నపం. పాత యంత్రాలు, ఇనుము పనికిరావంటే అమ్ముకోండి. ఫ్యాక్టరీ నుంచి రైల్వే లైను దాకా బండి పోవడానికి కావలసిన జాగను మాత్రం ప్లాట్లుగా కోయకండి, ఎవరికీ రాసివ్వకండి. రామగుండం తెరుచుకోవడానికి 22 ఏళ్లు పట్టింది. ఆదిలాబాద్‌కు అంతకంటే ఎక్కువ కాలమే అయింది.