కాల్షియం ఏ క్షణాన చేరాలి?

నాడి నుంచి కండరానికి కబురు అందాలంటే కాల్షియం ఉండాలన్నది పాత సంగతే. 1882లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో సిడ్నీ రింగర్ ఒక లవణ ద్రావణంతో కప్ప గుండెను చాలాసేపు కొట్టించగలిగాడు. ఆ ద్రావణాన్ని స్వేదనజలంతో కలిపారనే ఆయన అనుకున్నాడు. తీరా చూస్తే అది న్యూ రివర్ కంపెనీ వారి కుళాయి నీరు! అసలైన స్వేదనజలంతో చేసినప్పుడు గుండె సాగలేదు. నీటిలో కలిసి వచ్చిన కాల్షియమే అందుకు కీలకమని 1883లో ఆయనే ప్రకటించాడు. 1894లో లాక్, కాల్షియం తీసేస్తే నాడి ప్రేరణ కప్ప కండరాన్ని కదిలించదని చూపాడు. 1940లో హార్వే, మాకింటోష్‌లు నాడి కొస సందేశ రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌ను వదలడానికే కాల్షియం కావాలని తేల్చారు. కథ ఇంతటితో తేలిపోయినట్టు రాసేవాళ్లున్నారు, నాకు మాత్రం అలా తోచదు. అన్నం ఉడకాలంటే నీళ్లు కావాలి, అంతమాత్రాన పొయ్యి వెలిగించింది నీళ్లేనని అనలేం కదా. అప్పటిదాకా పోగైన ఆధారమంతా కాల్షియం అవసరమని చెప్పింది, విడుదలను నడిపేది అదేనని చెప్పలేదు.

ఆ రెండో మాట చెప్పించింది కాలాన్ని కొలిచిన ప్రయోగాలు. 1967లో, రింగర్ పనిచేసిన కాలేజీలోనే, బెర్నార్డ్ కాట్జ్, రికార్డో మిలేడి కప్ప నాడి కొస మీద సన్నని గాజు గొట్టంతో క్షణకాలం కాల్షియం వదిలారు. విద్యుత్ ప్రేరణకు కాస్త ముందు వదిలితే రసాయనం విడుదలైంది. ప్రేరణ ముగిశాక వదిలితే, విడుదలకు ఇంకా వ్యవధి ఉన్నా ఫలితం లేదు. స్క్విడ్ అనే సముద్రజీవిలో నాడీకణాలు కలిసే చోటైన పెద్ద సైనాప్స్‌లో అంతకంటే గట్టి సాక్ష్యం దొరికింది. నాడి కొస లోపలి వోల్టేజీని బాగా ధనాత్మకం చేస్తే, ధనావేశమున్న కాల్షియం లోపలికి రాలేదు. ప్రేరణ సాగినంతసేపూ విడుదల లేదు, ప్రేరణ ఆగగానే మొదలైంది. విద్యుత్తే నేరుగా విడుదల చేయించే పనైతే ఇలా జరగకూడదు.

అయినా అభ్యంతరం సమసిపోలేదు. కాల్షియంతో పాటు వోల్టేజీ కూడా విడుదల యంత్రాంగాన్ని సొంతంగా అదుపు చేస్తుందని జెరూసలేంలో పార్నాస్ దంపతులు ఏళ్ల తరబడి వాదించారు. ఆ వాదన తీసిపారేయదగ్గది కాదు. మామూలు నాడిలో వోల్టేజీ మారకుండా కాల్షియం లోపలికి రాదు గనక రెంటినీ విడదీయడం నిజంగానే కష్టం. 2000లో ఎలుక మెదడు కాండంలోని ఒక పెద్ద సైనాప్స్‌లో, బంధించి ఉంచిన కాల్షియాన్ని కాంతి మెరుపుతో విడిపించి ఆ చిక్కు విప్పారు. వోల్టేజీ మార్పు లేకుండానే, లీటరుకు పది మైక్రోమోల్‌ల స్థాయి కాల్షియంతో వేగమైన విడుదల జరిగింది. కాల్షియాన్ని పట్టుకునే సినాప్టోటాగ్మిన్ ప్రొటీన్‌ను సూడాఫ్ బృందం అప్పటికే గుర్తించింది. ఆ ప్రొటీన్ లేని ఎలుకల్లో వేగమైన విడుదల దెబ్బతిన్నా, నెమ్మదైనది మాత్రం సాగుతూనే ఉంది.